పదకొండో ముక్క

జనవరి 21, ఆదివారం

ఈసారి నడకదారుల సంఘం వాళ్ళు కొన్న రంగు ఒట్టి మోసం. నీలం అంటే నీలంగా ఉండాలి కదా, ఇది గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది. నవంబరులో వేసిన దారి గుర్తులు అప్పుడే వెలిసిపోయాయి. తాబేలు బండ మీద ఎంత వెతికినా ఒక్కటి కనిపించలేదు. మళ్ళీ నాలుగు వేశాను. పక్క బండకి రెండు, అక్కడున్న బర్చ్ చెట్టుకి ఒకటి, ఎందుకైనా మంచిదని.

అర్మెల్ ఇసకలో చతికిలబడి నారింజ ఒలుచుకుంటూ చూస్తోంది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ముద్రలు కొట్టిన మనిషి. ఎదుటివాళ్ళ పనిలో తప్పు పట్టందే దానికి తిన్నది అరగదు.

"ఏమే మారిజ్, ఇంకెన్ని వేస్తావే? ఆ బండకి తట్టు పోసినట్టుంది."

"పాతవి పోయాయి కదా."

"ఎక్కడ పోయాయి?"

"నీకు కళ్ళు కనిపించకపోతే నేనేం చేసేది" అన్నాను. అది ఒక తొన నోట్లో వేసుకుని ఊరుకుంది. అర్మెల్ ఊరుకుందంటే లోపల ఏదో ఉడుకుతున్నట్టు లెక్క.

తిరుగు రైల్లో పారిస్ వచ్చేదాకా కునుకు తీశాను. ఇరవై రెండేళ్ళుగా ఫోంటెన్‌బ్లో అడవిలో ఈ నీలం దారి పదకొండో ముక్క నాది. మూడు కిలోమీటర్ల బండలూ ఇసకా పైన్ చెట్లూ. విడాకులప్పుడు ఆయన కారు తీసుకున్నాడు, నేను ఈ దారి తీసుకున్నాను. ఆ కారు తుక్కుకి పోయి పదేళ్ళయింది.

జనవరి 30, మంగళవారం

ఆ కుర్ర లాయరు మళ్ళీ నా దర్జీ కొట్టుకి వచ్చాడు. నేవీ బ్లూ ప్యాంటు అంచు మడిచి కుట్టమని ఇస్తే నేను నల్లదారంతో కుట్టానట. గుమ్మం దగ్గర వెలుగులోకి లాక్కెళ్ళి చూపించాడు. గుడ్డా దారమూ రెండూ ఒకటే రంగు. "మీ ఆఫీసులో బల్బులు మార్పించుకోండి బాబూ" అన్నాను. నలభై ఏళ్ళుగా పక్కవాళ్ళ బట్టలు సరిచేసి బతుకుతున్నదాన్ని, నాకు రంగులు నేర్పడానికొచ్చాడు.

సూదులు కూడా ఈమధ్య సరైనవి రావడం లేదు. బెజ్జాలు చిన్నవి చేసేశారు.

ఫిబ్రవరి 11, ఆదివారం

నా ముక్కలో ఇద్దరు దారి తప్పారు. కొత్తగా పెళ్ళయిన జంట. చీలిక బండ దగ్గర కుడివైపుకి వెళ్ళి, మూడు నిలువుల రాతి గోడ అంచున ఇరుక్కుని అరిచారట. ఫైరింజను వాళ్ళు తాడు వేసి దింపారు. దెబ్బలేం తగల్లేదు, చలికి వణికారంతే.

నీలం గుర్తులు చూసుకునే వెళ్ళామని చెప్పారట. చీలిక దగ్గర నేను వేసింది ఎడమవైపు. పట్నం వాళ్ళకి చేతిలో ఫోను తప్ప ఇంకేదీ కనిపించదు. ఎడమవైపే వేశాను.

ఎడమవైపే.

ఫిబ్రవరి 13, మంగళవారం

సంఘం పెద్ద తియెబో స్వయంగా కొట్టుకి వచ్చాడు. ఇదివరకెప్పుడూ రాలేదు. ఒకప్పుడు భూముల కొలతలు వేసిన పొడుగాటి మనిషి, నా గుమ్మం కింద నడుం వంచి దూరాల్సి వచ్చింది. వేలాడుతున్న గౌన్ల మధ్య ఎటు చూడాలో తెలీక తన టోపీ వైపు చూసుకుంటూ మాట్లాడాడు.

"మదామ్ మారిజ్, ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతిది ఒక్కటే కనిపించాలి. మన నియమం మీకు తెలియంది కాదు. తాబేలు దగ్గర నిలబడితే పదకొండు కనిపిస్తున్నాయి. ఎటు పోవాలంటారు?"

"రంగు బాగోలేదు మొస్యూ. వేసిన నెలకే వెలిసిపోతోంది."

"అదే రంగు పదో ముక్కలో బాగానే ఉంది."

నేను చేతిలోని గౌను మడత పెట్టాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీ ముక్క తీసుకోవడానికి లుదివిన్ సిద్ధంగా ఉంది. ఆ అమ్మాయికి మీరే అప్పగించారనుకోండి, వసంతం భోజనాల్లో మీ పేరు మీద గ్లాసులెత్తుతాం, గౌరవంగా ఉంటుంది. కాదంటే కొత్తకాళ్ళ పరీక్ష పెట్టాలి."

కొత్తకాళ్ళ పరీక్ష నాకు కొత్తా? మూడుసార్లు పెట్టారు, మూడుసార్లూ నెగ్గాను. అడవి మొహం ఎరగని మనిషిని ఒకణ్ణి తెస్తారు. మ్యాపు ఇవ్వరు, ఫోను లాక్కుంటారు. 'నీలం వెంట పో' అని ఒక్కమాట చెప్పి వదిలేస్తారు. గుర్తులేసిన మనిషి యాభై అడుగుల వెనకాల నోరు మూసుకుని నడవాలి, దగ్గకూడదు కూడా. కొత్తకాళ్ళు ఎక్కడైనా పది నిమిషాలు దారి తెలీక తిరిగితే ముక్క పోయినట్టే.

"పెట్టండి" అన్నాను. తారీఖు మే 26.

లుదివిన్ అంటే చేతికి జీపీఎస్ వాచీ కట్టుకుని బండల మీద పరుగులు తీసే పిల్ల. ఒక్క బండనైనా ఆగి నిమిరి చూసిందో లేదో.

ఫిబ్రవరి 14

రంగు కంపెనీకి ఉత్తరం రాశాను. మొదటి పేజీ వరకు మర్యాదగానే రాశాను.

మార్చి 3, ఆదివారం

అడవంతా పొగమంచు. చీలిక దగ్గర గుర్తులు సరిచూద్దామని వెళ్ళాను. బండ మీద ముదురు చార ఒకటి కంటపడింది, అదే నా పాత గుర్తనుకుని దాని వెంబడి ఇంకో మూడు వేశాను. దిగేటప్పుడు కాలు జారింది. మోచెయ్యి కొట్టుకుపోయింది.

"పొగమంచులో కుంచె పట్టుకుని ఏం వేస్తాంలే, పద" అన్నాను.

"ఏ పొగమంచే?" అంది అర్మెల్. "కోటు విప్పేసి చంకలో పెట్టుకుని నడుస్తున్నాను నేను."

రైల్లో దాని జున్ను సాండ్విచ్‌లో సగం నాకు ఇచ్చింది. అడక్కుండా ఇచ్చింది. నాకు అదేం నచ్చలేదు.

మార్చి 12, మంగళవారం

ఇది రాయకూడదనుకున్నాను.

కాఫీకని పిలిచి అర్మెల్ నన్ను కళ్ళ డాక్టరు గుమ్మం ముందు నిలబెట్టింది. అపాయింటుమెంటు నా పేరు మీదే ఉంది. అక్టోబరులో తీసుకుందట.

"అక్టోబరులో ఏమైంది?" అన్నాను మెట్ల మీదే నిలబడి.

"నీ పుట్టినరోజుకి నీలం మఫ్లరు ఇచ్చాను. 'బూడిద రంగు నాకు బాగా నప్పుతుందే' అన్నావు. ఆ సాయంత్రమే ఫోను చేశాను. ఐదు నెలల తర్వాత దొరికింది."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే వస్తావా? ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎక్కడెక్కడికి పారిపోయేదానివో."

డాక్టరు చాలాసేపు చూశాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయన్నాడు. టీ రంగు అద్దాలు పెట్టుకుని తిరుగుతున్నట్టేనట. మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తెలీదట. అన్నిటికంటే ముందు పోయేది నీలమేనట.

నా పనేమిటో ఆయనకి చెప్పలేదు.

అర్మెల్‌తో ఇక మాట్లాడను.

మార్చి 13

మాట్లాడను.

మార్చి 15, శుక్రవారం

మాట్లాడాను. ఫోను పట్టుకుని ఏడ్చేశాను, యాభై ఏళ్ళ కింద స్కూల్లో ఏడ్చినట్టు. కళ్ళ గురించి కాదు. ఆ జంటని గోడ అంచుకి పంపింది నేనే. మార్చి మూడున వేసిన ఆ మూడు గుర్తులు కూడా కుడివైపే అయ్యుంటాయి. రేపు ఇంకెవరో వాటిని నమ్ముకుని వెళ్తారు.

"ఏడుపు అయ్యాక తియెబోకి ఫోను చెయ్" అంది అర్మెల్.

చేశాను. చీలిక దగ్గర కుడివైపు ఎవరూ వెళ్ళకుండా దుంగలు అడ్డం వేయించమన్నాను. ఎందుకో కూడా చెప్పాను. నోట్లోంచి మాట ఊడి రావడానికి నిమిషం పట్టింది.

అటు తియెబో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "అయితే పరీక్ష అక్కర్లేదు మదామ్. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు."

"అక్కరుంది" అన్నాను. "ఏప్రిల్ పదహారున కుడి కంటికి ఆపరేషను. మే ఇరవై ఆరు అలాగే ఉంచండి."

ఏప్రిల్ 17, బుధవారం

పొద్దున కట్టు విప్పారు.

నా వంటింటి బల్ల మీద గుడ్డ తెల్లటిదట. నేను మీగడ రంగు అనుకుంటూ ఎన్నాళ్ళుగా పరుస్తున్నానో. ఎదురింటి జింకు రేకుల కప్పు నీలంగా ఉంది. కిటికీ పక్కన మొక్క కుండీ నీలం. నా నల్ల చలికోటు నల్లది కాదు. అర్మెల్ మఫ్లరు పెట్టెలోంచి తీసి చూసి, మొహానికి అదుముకుని కూర్చున్నాను. ఇంత నీలం లోకంలో ఉండగా నేను రంగు కంపెనీకి ఉత్తరాలు రాస్తున్నాను.

కుడి కన్ను మూస్తే పాత టీ. తెరిస్తే నీలం. మూసి, తెరిచి, మూసి, తెరిచి, మధ్యాహ్నం వంట మాట మర్చిపోయాను.

ఏప్రిల్ 19

లాయరుకి ఫోను చేసి ప్యాంటు తెప్పించుకున్నాను. నల్లదారం పీకేసి నేవీ దారంతో మళ్ళీ కుట్టి, క్షమించమన్నాను. "నేను మాత్రం బల్బులు మార్పించేశాను మదామ్" అన్నాడు. మంచి పిల్లాడే.

మే 8, బుధవారం, సెలవు

డాక్టరు ఇసక జోలికి వెళ్ళొద్దన్న మూడు వారాలు నిన్నటితో అయ్యాయి. అర్మెల్, నేనూ మొదటి రైలు పట్టుకున్నాం. చలికోటు వేసుకున్నాను, అది నీలమని తెలిశాక ఇంకా బాగుంది.

అడవిలో అడుగుపెట్టి పది నిమిషాలు కాలేదు, కింద కూర్చుండిపోయాను. ఎటు చూసినా నీలమే. బండలకి నీలం, చెట్లకి నీలం, ఫెర్న్ ఆకుల మీద కారిన నీలం చుక్కలు. తాబేలు బండ పెళ్ళికి ముస్తాబైనట్టుంది. ఒక బాణం ఇటు, ఒకటి అటు, ఒకటి ఆకాశంలోకి. బురదనుకుని ఎప్పుడూ తుడవని నా బూట్లు కూడా మడమ దాకా నీలమే.

లెక్కపెట్టాం. నూట నలభై మూడు. ఉండాల్సినవి అరవై.

ముందు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది, ఒళ్ళంతా వేడెక్కింది. తర్వాత ఆకాశంలోకి వెళ్ళే బాణం వైపు చూసి అర్మెల్ అంది కదా, "అటు వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదుగా." ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. పక్కనుంచి పోతున్న కుటుంబం మమ్మల్ని తప్పుకుని దూరంగా నడిచింది.

చీలిక దగ్గర నవ్వు రాలేదు. దుంగల వెనక, కుడివైపు గోడ అంచు దాకా, వరసగా తొమ్మిది గుర్తులు. శుభ్రంగా, నిటారుగా, ఇరవై రెండేళ్ళ చేయి తిరిగిన పనితనంతో వేసినవి. మొదట వాటినే గీకాను.

మే 12, ఆదివారం

గీకడం వెయ్యడం కన్నా పది రెట్లు పని. ఇనప బ్రష్షు, తడి ఇసక, మళ్ళీ బ్రష్షు. ఇరవై ఆరు పోయాయి.

మే 14

కొట్టు మూసి వెళ్ళాను. పద్నాలుగు.

మే 16, గురువారం

లుదివిన్ పరిగెడుతూ వచ్చి నా ముందు ఆగింది. నేను బ్రష్షు పట్టుకుని బండ మీద మోకరిల్లి ఉన్నాను, ఆ సమయంలో ఎవరి మొహమూ చూడాలని లేదు. వీపు సంచిలోంచి తనూ ఒక బ్రష్షు తీసింది.

"నీకెందుకమ్మా ఈ పని?" అన్నాను.

"మీరు ఓడిపోతే ఇవన్నీ నేనే గీకాలి కదా మదామ్" అంది.

సాయంత్రం దాకా గీకింది. ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు. ఆ పిల్ల నాకు నచ్చడం మొదలైంది, నాకది అస్సలు నచ్చలేదు.

మే 19, ఆదివారం

గీకగా అరవై మిగిలాయి, ఇవాళ ఇంకొకటి వేశాను. ఉండాల్సినదానికన్నా ఒక్కటే ఎక్కువ. సమస్యంతా ఆ ఒక్కదానితోనే.

తాబేలు దగ్గర దారి రెండుగా చీలుతుంది. బండ మూపు మీద సరైన దారి చూపే ఒకే గుర్తు ఉంచాను, నియమం ప్రకారం అది చాలు. కానీ ఇవాళ మధ్యాహ్నం అక్కడ కూర్చుని రొట్టె తింటూ గమనించాను. అక్కడికి వచ్చేసరికి ఎవరికైనా కాళ్ళు పీకుతాయి, సరిగ్గా ఆ మూపు కిందే కుర్చీలాంటి పల్లం ఉంది, అందరూ అందులోనే కూర్చుంటారు. కూర్చున్నవాడికి ఆ గుర్తు తల వెనక్కి పోతుంది.

గుండీ ఎక్కడ కుట్టాలో బల్ల మీద పరిచి తేల్చలేం, మనిషి తొడుక్కున్నాక చూడాలి. అందుకని పల్లంలో కూర్చునే ముందుకి చూశాను. రెండు బండల మధ్య కిటికీ అంత సందు, దాని అవతల సరైన దారిలో నున్నటి రాయి. కుంచె ఇచ్చి అర్మెల్‌ని అక్కడికి పంపాను.

"ఎడమకి. ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడ."

"కూర్చుని పనిచేయించడం నీకు బాగా వచ్చిందే" అని అరిచింది అటునుంచి.

నిలబడితే అది కనిపించదు. కూర్చుంటే అది తప్ప ఇంకోటి కనిపించదు. కాబట్టి నియమం తప్పినట్టు కాదు. అరవై ఒకటీ ఉంటాయి.

మే 25

నిద్ర పట్టదని తెలుసు. బూట్లు తుడిచాను. నీలం పోలేదు.

మే 26, ఆదివారం

రాస్తాను, అంతా వరసగా రాస్తాను.

తియెబో తెచ్చిన కొత్తకాళ్ళ పేరు అనిసే. పారిస్‌లో ప్లంబరు, తలుపంత వెడల్పు మనిషి, కాళ్ళకి పెళ్ళికి వేసుకునే తోలు బూట్లు. అడవికి రావడం ఇదే మొదటిసారనీ ఇదే ఆఖరిసారనీ స్టేషన్లోనే ప్రకటించాడు. ఫోను ఇవ్వమంటే తియెబో చేతిలో పెట్టి, "మా ఆవిడ ఫోను చేస్తే బతికే ఉన్నానని చెప్పండి మొస్యూ" అన్నాడు.

అతను ముందు. యాభై అడుగుల వెనక నేను. నా వెనక తియెబో, లుదివిన్, గడియారం పట్టుకుని అర్మెల్. గడియారం అర్మెల్‌కి ఇచ్చింది తియెబోయే. దానికి స్నేహితురాలైనా ఒకటే, రోములో ఉండే పోప్ అయినా ఒకటే, ఒక్క సెకను అటూ ఇటూ చెప్పదని ఆయనకి తెలుసు.

మొదటి కిలోమీటరు హాయిగా సాగింది. మనిషి తనలో తను మాట్లాడుకుంటాడు. "ఇదిగో నీలం. ఇంకో నీలం. ఈ ఇసకేంట్రా దేవుడా." చీలిక దగ్గర ఆగాడు. నేనూ ఆగాను. కుడివైపు చూశాడు, పరీక్ష కోసం దుంగలు తీసేశారు, గీకిన బండ శుభ్రంగా ఉంది. ఎడమవైపు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని సందులోంచి దూరాడు. నాకు అక్కడే అతన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

తాబేలు దగ్గర అనుకున్నట్టే పల్లంలో కూలబడ్డాడు. తల సరిగ్గా మూపు మీది గుర్తుకి ఆనింది. సంచిలోంచి సాండ్విచ్ తీశాడు. ఇప్పుడు ముందుకి చూస్తే చాలు. చూడలేదు. సాండ్విచ్‌నే చూస్తూ తిన్నాడు. తిన్నాక లేచాడు, నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు, తల ఆనించిన చోటు మాత్రం చూడలేదు.

"నీలం ఎక్కడా?" అన్నాడు.

"ఒకటి" అంది అర్మెల్ నా వెనక, నిమిషాలు లెక్కపెడుతూ.

కుడి దారిలో వెళ్ళాడు. అది ఫెర్న్ పొదల్లోకి పోయి ఆగిపోతుంది. "మూడు." తల దించుకుని తిరిగొచ్చాడు. బండ అవతలి పక్కకి వెళ్ళి బర్చ్ చెట్టుని తట్టి చూశాడు. నేను దాన్ని ఎంత గట్టిగా గీకానో, ఒక్క చుక్క మిగల్లేదు. "ఐదు." వచ్చిన దారినే కొంచెం వెనక్కి నడిచి నాకెదురుగా నిలబడి నా మొహం చూశాడు.

"మీరు వేసినవేనా మదామ్ ఇవి?"

నోట్లో గుడ్డ కుక్కినట్టు నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను, అవి ఎటైనా చూపించేస్తాయేమోనని. "ఏడు" అంది అర్మెల్.

"బూట్లు కరుస్తున్నాయి" అన్నాడు అనిసే ఎవరితోనో. వెళ్ళి పల్లంలో మళ్ళీ కూర్చున్నాడు. ఒక బూటు విప్పాడు. ఇసక దులిపాడు. "ఎనిమిది." రెండో బూటు విప్పాడు, దాన్ని తలకిందులు చేసి పట్టుకుని, ఇసక పూర్తిగా కారేదాకా ఎదురుచూస్తూ, చేసేదేం లేక తలెత్తాడు.

"తొమ్మిది" అంది అర్మెల్.

బూటు అలాగే గాల్లో ఉంది. తల కాస్త పక్కకి వంచాడు. ఇంకా వంచాడు.

"అదిగో" అన్నాడు నెమ్మదిగా. "చూడు, ఎక్కడ దాక్కుందో."

మేజోళ్ళతోనే లేచి, బూట్లు చేత్తో పట్టుకుని ఆ సందులోంచి నడిచి వెళ్ళిపోయాడు. నేను కదల్లేకపోయాను. లుదివిన్ వెనకనుంచి నా భుజం మీద చేయి వేసి తోసింది.

చివరి గుర్తు దగ్గర అతను మాకోసం ఆగి ఉన్నాడు. పరీక్ష అయ్యాక కోసే రేగుపళ్ళ తీపిరొట్టెలో మొదటి ముక్క కొత్తకాళ్ళకే ఇవ్వాలి, రెండోది దారి మనిషికి. తియెబో రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని రాశాడు: పదకొండో ముక్క, మారిజ్. రాసి, పెన్ను మూతపెట్టి, నా వైపు తిరిగాడు.

"ఆ కిటికీలో గుర్తు ఏ నియమం కింద వేశారు?"

"ఒక గుర్తు దగ్గర ఉంటే ఇంకొక్కటే కనిపించాలి. కనిపించింది కదా."

"నిలబడితే కనిపించదు."

"అలసిపోయినవాడు నిలబడతాడా మొస్యూ?"

ఆయన తన తీపిరొట్టె ముక్క తీసుకుని చాలాసేపు నమిలాడు. తర్వాత దారిలో తన వంతు ముక్కకి కూడా వచ్చి చూసిపెడతారా అని అడిగాడు. లుదివిన్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. నేను ఏడుస్తున్నానని అర్మెల్ అంది. ఏడ్చాను, ఆపరేషను అయిన కంట్లోంచి కూడా, బాగా ఏడ్చాను.

జూన్ 16, ఆదివారం

పాతికో తారీఖున ఎడమ కంటికి ఆపరేషను. మళ్ళీ మూడు వారాలు ఇసక చూడనివ్వరని ఇవాళ ఒంటరిగా వెళ్ళాను. నేను రాలేని మూడు వారాలూ దారి చూస్తానని లుదివిన్ తనంతట తనే అంది. ఒక గుర్తు అదనంగా వేసినా ఊరుకోనని చెప్పాను. "మీరా చెప్పేది మదామ్?" అంది.

తాబేలు దగ్గరకి వస్తుంటే మాటలు వినిపించాయి. తెలిసిన గొంతు. బండ ఇవతలే ఆగిపోయాను.

అనిసే. ఈసారి కాళ్ళకి కొత్త నడక బూట్లు. పక్కన భార్య, ఇంకో ఇద్దరు స్నేహితులు. స్నేహితుల్లో ఒకడు నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూస్తున్నాడు.

"గుర్తులు అయిపోయాయిరా. తప్పిపోయాం."

"కూర్చో" అన్నాడు అనిసే.

"అలిసిపోలేదు నేను."

"కూర్చోరా బాబూ. ఈ దారి వేసినావిడ చాలా తెలివైనది. నిలబడి ఎంత చూసినా ఇవ్వదు."

నలుగురూ ఆ పల్లంలో ఇరుక్కుని కూర్చున్నారు. మెడలు అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ముందుగా అతని భార్యకి కనిపించినట్టుంది, చేయెత్తి చూపించింది.

వాళ్ళు లేచి వెళ్ళేదాకా నేను బండ వెనకే ఉన్నాను. గొంతులో గరగర వచ్చింది కానీ దగ్గలేదు. యాభై అడుగులు ముందుకి పోనిచ్చి, అప్పుడు వాళ్ళ వెనక నడిచాను.